నేను ఎక్కించని రెండు పేజీలు

మా అపార్టుమెంటు వాళ్ళ ఫోను గ్రూపులో మొన్న ఒక చిట్కా వచ్చింది. మోకాళ్ళ నొప్పులకు ఫలానా ఆకు నూరి పట్టు వేయాలట. దాని కిందే మూడో అంతస్తు డాక్టరుగారు, షుగరున్నవాళ్ళు ఈ పని చేస్తే పుండ్లు పడతాయి, చేయొద్దని రాశారు. మంచి పని చేశారనుకున్నాను. సాయంత్రానికి అదే చిట్కా మా చెల్లెలు పంపింది. మర్నాడు పాత విద్యార్థుల గ్రూపులోంచీ వచ్చింది. డాక్టరుగారి మాట మాత్రం రెండు చోట్లా లేదు. ఫోను పక్కన పడేసి అలాగే కూర్చుండిపోయాను. ఏమైందని మా ఆయన అడిగితే మోకాళ్ళు అన్నాను. అబద్ధం. నాకు నరసరావుపేట వైండింగ్ మేస్త్రీ గుర్తొచ్చాడు.

ఎనభైల్లో నేను రొంపిచెర్ల దగ్గర ఒక ఊళ్ళో తెలుగు టీచర్ని. పేటలో గది తీసుకుని రోజూ బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. వినుకొండ రోడ్డు మీద, బస్సు ఆగేచోటే, ఆయన కొట్టు. పొలాల్లో మోటార్లు కాలిపోతే లోపలి రాగితీగ పీకేసి కొత్తది చుట్టేవాడు. నలభై దాటిన మనిషి. దగ్గరికొస్తే వార్నీషు వాసన. కళ్ళజోడుకు ఒక పక్క కాడ విరిగితే రాగితీగ చుట్టి పెట్టుకున్నాడు. బాగు చేయించుకోవచ్చు కదా మేస్త్రీ గారూ అంటే, బాగు చేసిందే కదమ్మా ఇది అనేవాడు. టీ ఎప్పుడూ సాసర్లో పోసుకుని తాగేవాడు. ఆ సాసరు అయ్యేదాకా ఎవరేమడిగినా జవాబు ఉండేది కాదు. ఇంకా తిరుగుతున్న మోటారేదైనా వస్తే ముందు రైతును నోరెత్తనిచ్చేవాడు కాదు. స్క్రూడ్రైవరు మొన మోటారుకు, పిడి తన చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. తర్వాత రైతు వైపు తిరిగి, ఇప్పుడు నువ్వు చెప్పు అనేవాడు. రెండూ కలవకపోతే మోటారు చెప్పిందే నమ్మేవాడు.

ఆయన కొట్టు ముందు ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్ళు. మోటారు అయ్యేదాకా వాళ్ళకు వేరే పని లేదు కాబట్టి వాదించుకునేవాళ్ళు. మిరపకు ఏ మందు, బావిలో పైపు ఎన్ని అడుగులు దించాలి, ఏ కంపెనీ బేరింగు మంచిది, అన్నీ వాదాలే. గొంతులు పెరిగితే మేస్త్రీ గోడకు వేలాడుతున్న పొడుగు నోటుపుస్తకం తీసి మధ్యలో పడేసేవాడు.

"నోటితో కాదు, రాయి," అనేవాడు. "రేపు నువ్వు లేకపోయినా నీ మాట ఉండాల."

ఒకసారి ఈపూరు వైపు రైతొకాయన ఆ పుస్తకం మా ఊళ్ళో చూపిస్తానని పట్టుకెళ్ళాడు. వారం తర్వాత అందులో నలుగురు కొత్త మనుషుల రాతలతో తిరిగొచ్చింది. మేస్త్రీ అది చదువుకుని, మళ్ళీ మేకుకు తగిలించకుండా వినుకొండ బస్సు డ్రైవరు చేతికిచ్చాడు. అప్పట్నుంచి ఆ పుస్తకం తిరగడం మొదలుపెట్టింది. మా బస్సు కండక్టరు దాన్ని టిక్కెట్ల సంచీలో పెట్టలేక ఒకరోజు నా ఒళ్ళో పడేశాడు. రొంపిచెర్లలో ఎవరికివ్వాలో చెప్పి, నలగనివ్వొద్దమ్మా అన్నాడు. నేను అందులోకి దిగింది అలా.

మా పల్నాడు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రతి ఊరూ రెండు పార్టీలు. పుస్తకం ఒక పార్టీ వాళ్ళ టీ బంకులో ఉంటే రెండో పార్టీ వాళ్ళు దాన్ని ముట్టరు. అందుకని ఏ ఊళ్ళో అయినా దాన్ని మంగలి షాపులోనో సైకిలు షాపులోనో ఉంచాలని మేస్త్రీ పట్టు. గడ్డం చేయించుకోవడానికి రెండు పార్టీల వాళ్ళూ వస్తారు కదా అనేవాడు. రాసినవాడు కింద పేరు పెట్టాలి. ఎదుటివాడు రాసింది చించకూడదు. నేను టీచర్ని కదా, మొదట్లో ఎర్రపెన్నుతో తప్పులన్నీ దిద్దేశాను. అది చూసి ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, దిద్దితే దిద్దావు గానీ, కొట్టేసింది కనపడేట్టు కొట్టెయ్యమ్మా అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఆయన రాత చూస్తే ఒక్క దీర్ఘమూ సరిగ్గా ఉండేది కాదు. ఉర్దూ బడిలో చదువుకుని, తెలుగు కొట్టు బోర్డులు చూసి నేర్చుకున్న మనిషి నాకు చెప్పొచ్చాడా అనుకున్నాను.

ఏడు ఊళ్ళున్నప్పుడు పుస్తకం పది రోజుల్లో చుట్టి వచ్చేది. ఇరవై ఊళ్ళయ్యాక రెండు నెలలు పట్టేది. గురజాల వైపు నుంచి ఒకాయన మిరపాకు ముడుచుకుపోతోంది, ఏం చేయాలని అడిగాడు. ఏడుగురు జవాబులు రాశారు. అవి ఆయన్ను చేరేసరికి, చేను పీకేశాను, అందరికీ సంతోషం అని కింద రాసి పంపాడు. మేస్త్రీ దానికి నవ్వలేదు. ఆ వారమే పుస్తకాన్ని దారికొకటి చేశాడు. వినుకొండ దారికొకటి, గురజాల దారికొకటి, మాచర్లకొకటి, ఇలా ఐదు. వేగం వచ్చింది గానీ ఒక దారిలో తెలిసింది ఇంకో దారికి తెలిసేది కాదు. ఒకే ప్రశ్న ఐదు చోట్లా అడిగేవాళ్ళు, ఐదు చోట్లా కొట్టుకునేవాళ్ళు.

అప్పుడే ఒక నాయకుడు కారేసుకుని కొట్టుకొచ్చాడు. అంతా అచ్చు వేయిస్తాను, అట్ట మీద నా ఫొటో ఉంటే చాలు అన్నాడు. మేస్త్రీ సాసరు పూర్తిచేసి, మీ ఫొటో ఏస్తే మీవాళ్ళే చదువుతారండీ అని పంపేశాడు. నాకు అది నచ్చింది. కానీ నెలకోసారి ఐదు పుస్తకాలూ కొట్టుకు తెప్పించి ఒకచోట చేర్చుదామని నేనంటే దానికీ ఒప్పుకోలేదు. "నేను సచ్చిన్నాడు ఆగిపోయే పని ఎందుకమ్మా?" అన్నాడు. ఎవరికి కావాలంటే వాళ్ళు ఎక్కించుకుని కొత్త పుస్తకం మొదలుపెట్టుకోవచ్చు, మనల్ని అడగక్కర్లేదు, అదీ ఆయన పద్ధతి. మొండిమనిషి. చివరికి నేనే, నిండిపోయిన పుస్తకాల్లో పనికొచ్చేవి ఎండాకాలం సెలవుల్లో శుభ్రంగా కొత్తవాటిలో ఎక్కిస్తానన్నాను. చేతిలో తీగ చుట్టడం ఆపాడు.

"అంతా ఎక్కించు," అన్నాడు.

గొడవలు కూడానా అని నవ్వాను. గొడవలు కూడా అన్నాడు. తల ఊపాను.

ఐదు కొత్త పుస్తకాలు ముందేసుకుని మే నెలంతా రాశాను. గదిలో ఫ్యాను కూడా సరిగ్గా తిరిగేది కాదు. చెమటకు కాగితం అంటుకుపోయేది. వేళ్ళు వంకర్లు పోయాయి. పుస్తకాల్లో సగం తిట్లే. నీకేం తెలుసు, నీ అయ్యకేం తెలుసు, ఇదే వరస. వారం గడిచాక నేనొక నిర్ణయానికి వచ్చాను. ప్రశ్న, దానికి మంచి జవాబు, కింద పేరు. మిగతాది చెత్త. పిల్లలకు గైడు ఎలా ఉండాలో అలా చేశాను. చేస్తున్నంతసేపూ గర్వంగా ఉంది.

ఆ జవాబుల్లో మేస్త్రీది ఒకటుంది. పొలం మోటారుకు మూడు తీగల్లో కరెంటు రావాలి. మా వైపు ఎప్పుడూ ఒక తీగలో పోయేది. అలాంటప్పుడు కండెన్సర్ ఒకటి పెట్టి రెండు తీగలతోనే మోటారు ఎలా తిప్పుకోవచ్చో ఆయన రాశాడు. ఎండిపోతున్న చేలున్నవాళ్ళకు అది ప్రాణం పోసినట్టే. దాని కింద వినుకొండ మెకానిక్కు ఒకడు ఎదురు రాశాడు. కండెన్సర్ పెట్టాక, చచ్చిందనుకున్న మూడో తీగలోకి వెనక నుంచి కరెంటు ఎక్కుతుందని, మెయిను స్విచ్చి దించకుండా ఆ తీగను గానీ దాని ఫ్యూజును గానీ ముట్టుకుంటే మనిషి పోతాడని. ఆ మాట ఒక్కటే రాసి ఊరుకుంటే నేనూ ఎక్కించేదాన్ని. ముందు మేస్త్రీని నాలుగు తిట్టాడు. మేస్త్రీ తరఫున ఇంకొకడు వాణ్ణి తిట్టాడు. వాడి కులం ఎత్తాడొకడు. ఇలా రెండు పేజీలు. రెండో పేజీ అడుగున మేస్త్రీ తన వంకర అక్షరాలతో, ఆయన చెప్పిందే కరెక్టు, ముందు ఇది చదివి తర్వాత పైది చదవండి అని రాసుకున్నాడు. నేను అంతదాకా చదవలేదు. తిట్లు కనపడగానే రెండు పేజీలూ తిప్పేశాను. జవాబు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ఐదు పుస్తకాల్లో ఎక్కించి, కింద ఆయన పేరు రాశాను.

కొత్త పుస్తకాలు చూసి జనం మెచ్చుకున్నారు. అచ్చేసినట్టుందన్నారు. వాటి నుంచి ఎవరికి వాళ్ళు ఎక్కించుకున్నారు. మేస్త్రీ ఒకటి తీసి రెండు పేజీలు చూసి, బాగుందమ్మా అని బస్సుకిచ్చేశాడు. ఆయనకు నా మీద నమ్మకం.

ఆ దసరా వెళ్ళాక ఈపూరు దగ్గర ఒక రైతు పోయాడు. పట్టపగలే. కండెన్సర్ మీద మోటారు నడుస్తోంది. మూడో తీగలో కరెంటు వచ్చిందేమో చూద్దామని ఫ్యూజు మీద చెయ్యి పెట్టాడు. నాకు ఆ సంగతి బస్సులో తెలిసింది. కండక్టరే చెప్పాడు, మేస్త్రీ రాసిన పద్ధతే చేశాడంట పాపం అని. అప్పుడు కూడా నాకు తట్టలేదు. గురువారం మధ్యాహ్నం మేస్త్రీ బడికి వచ్చాడు. ఒక చేతిలో పాత పుస్తకం, ఒక చేతిలో కొత్తది. వరండాలో బల్ల మీద రెండూ పక్కపక్కన తెరిచిపెట్టాడు. పాతదాంట్లో ఆ రెండు పేజీలూ అప్పుడు చదివాను, చివరి అక్షరం దాకా.

రేపు శుక్రవారం, ఆ ఇంటికి పోవాల, నువ్వూ రావాలమ్మా అన్నాడు. వెళ్ళాను.

వసారాలో ఆ రైతు భార్య కూర్చుని ఉంది. పక్కన ఆమె బావగారు. చూరులో దోపిన పుస్తకం ఆయనే తీశాడు. అది నేను రాసిన ఐదింట్లో ఒకటి. ఆమెకు చదువు రాదు. పేజీ మీద అక్షరాలను వేలితో తడుముతూ, మా ఎవరి వైపూ చూడకుండా తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది.

"ఎంత శుభ్రంగా రాశారో. సదువుకున్నోళ్ళు రాసింది, తప్పుండదే అన్నాడు నాతో."

రాసింది ఎవరని బావగారు అడిగాడు. చెప్పాలనే వచ్చాను, దేవుడి మీద ఒట్టు. దారంతా ఆ మాటే కూడబలుక్కున్నాను.

"కింద పేరుంది గదన్నా," అన్నాడు మేస్త్రీ. "నాదే. సగమే రాశా. తప్పు నాది."

బావగారు పుస్తకం ఎత్తి మేస్త్రీ మొహాన కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. ఇంకో దెబ్బ వేశాడు. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆమె ఏడవలేదు, ఆపలేదు, ఆ అక్షరాలు ఉన్నచోట వేలు అలాగే గాల్లో ఉంచి చూస్తూ ఉంది. నేను వంగి కళ్ళజోడు తీశాను. అది చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అంతకు మించి నేను చేసింది ఏమీ లేదు.

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు ఏడ్చాను. నా కోసం ఎందుకు దెబ్బలు తిన్నారని అడిగాను. ఆయన కళ్ళజోడు తీగ సరిచేసుకుంటున్నాడు.

"నీ కోసం కాదు," అన్నాడు. "నేను తప్పు రాశానంటే నన్ను తిడతారు, అయిపోద్ది. ఎక్కించేటప్పుడు మాటలు పోతన్నయ్యని తెలిసిందనుకో, ఇంక ఏ పుస్తకమూ నమ్మరు. రేపు మనం రాసే దిద్దుబాటు కూడా నమ్మరు. ముందు అది నమ్మాల."

ఎన్ని పుస్తకాలున్నాయి అని అడిగాడు. ఐదు నేను రాసినవి, వాటి నుంచి జనం ఎక్కించుకున్నవి ఎన్నో తెలియదన్నాను. నాకూ తెలవదు, మనల్ని అడక్కుండా ఎక్కించుకోవాలనే గదా పెట్టుకున్నాం అన్నాడు. అది ఎత్తిపొడుపు కాదు. ఆ మాట అంటున్నప్పుడు మొట్టమొదటిసారి ఆయన మొహంలో భయం చూశాను.

దిద్దుబాటు ఆయన చెప్పాడు, నేను రాశాను. కండెన్సర్ సంగతి నేను సగమే రాశాను, మూడో తీగ చచ్చిందనుకోవద్దు, మెయిను దించకుండా ముట్టొద్దు. కింద ఆయన పేరు. ప్రతి శుక్రవారం నమాజు కాగానే సంచీ తగిలించుకుని ఏదో ఒక బస్సెక్కేవాడు. ఊరూరా దిగి మంగలి షాపుల్లో, సైకిలు షాపుల్లో పుస్తకాలు వెతికేవాడు. దొరికితే నా దగ్గరికి తెచ్చేవాడు, నేను రాసేదాన్ని, మళ్ళీ పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. మోటారు షెడ్లకు వెళ్ళి కండెన్సర్ పెట్టుకున్నవాళ్ళకు నోటితో చెప్పేవాడు. కొన్నిచోట్ల మంచినీళ్ళిచ్చారు. కొన్నిచోట్ల కుక్కల్ని ఉసిగొల్పారు. పేటలో ఆయన కొట్టుకు మోటార్లు రావడం తగ్గిపోయింది. మనిషిని చంపిన మేస్త్రీ దగ్గరికి ఎవరు తెస్తారు. ముందు మనుషులు కూర్చునే బల్ల ఖాళీ అయింది, తర్వాత ఆ బల్లే లేకుండా పోయింది. నేను రోజూ అదే బస్సులో ఆ కొట్టు ముందు నుంచే వెళ్ళేదాన్ని. తల తిప్పి చూసేదాన్ని కాదు.

ఏడాది తిరిగింది. ఒక శనివారం ఆయన మళ్ళీ బడికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. స్టాఫ్ రూములో ముగ్గురు టీచర్లం ఉన్నాం. సంచీలోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. మాచర్ల అవతల ఒక పల్లెలో, ఒక రైతు ఇంట్లో దొరికిందన్నాడు. ఆ రాత నాది కాదు, ఎవరో తెలియని మనిషిది. నా రాత చూసి ఎక్కించుకున్నవాడి పుస్తకం చూసి ఎక్కించుకున్నాడు కాబోలు. నేను ఎక్కడ ఆపానో సరిగ్గా అక్కడే ఆపాడు. వాక్యం చివర నేను గీసే అడ్డగీత కూడా వదలకుండా గీశాడు. కింద మేస్త్రీ పేరు.

ఆ ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగాను.

"ఇద్దరు," అన్నాడు. "అన్న తీగ పట్టుకున్నాడు. లాగుదామని అన్నను తమ్ముడు పట్టుకున్నాడు."

పక్క బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. నేను పెన్ను తీసి, ఎప్పుడూ రాసే దిద్దుబాటు రాయడం మొదలుపెట్టాను. సగంలో ఆయన నెమ్మదిగా అన్నాడు.

"నా పేరు చూస్తే ఇప్పుడు పేజీ తిప్పేస్తన్నారమ్మా. తప్పు రాసినోడే దిద్దితే ఎవుడు నమ్ముతాడు అంటన్నారు. అప్పుడు నేననుకుంది తప్పు. నీ పేరు రాయి. ఎక్కించేటప్పుడు నేనే వదిలేశానని రాయి. టీచరమ్మ రాసిందంటే నమ్ముతారు."

ఆయన నన్ను ఏదైనా అడిగింది ఆ ఒక్కసారే. మిగతా ఇద్దరు టీచర్లూ నన్నే చూస్తున్నారు. ముగ్గురు మనుషులు పోయారు. పోలీసులు, కలెక్టరు, ఉద్యోగం, అప్పుడే కుదురుతున్న పెళ్ళి, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఎప్పటిలాగే గుండ్రంగా, అచ్చేసినట్టు, ఆయన పేరే రాశాను.

పుస్తకం తిప్పి చూసుకున్నాడు. సిరా తడి ఆరేదాకా నోటితో ఊదాడు. సరేనమ్మా అని సంచీలో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ నా దగ్గరికి ఏ పుస్తకమూ తేలేదు. ఆ తర్వాత తన వంకర అక్షరాలతో తనే రాసుకున్నాడట. వాటిని ఎవరు చదివారో, ఎవరు పేజీ తిప్పేశారో, ఇంకెంతమంది ఆ మూడో తీగ మీద చెయ్యి పెట్టారో నాకు తెలియదు. నాకు బదిలీ అయింది, పెళ్ళయింది. ఆయన పోయిన సంగతి కూడా పోయిన మూడేళ్ళకు పాత కండక్టరు కనపడి చెబితే తెలిసింది.

ఇంత రాసినా ఇందులో ఆయన పేరు ఎక్కడా పెట్టలేదు. మరిచిపోయి కాదు. నా పేరు ఉండాల్సిన చోటల్లా ఆ పేరు రాశాను, నా చేత్తో, చాలాసార్లు. ఇంకోసారి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.